తోర్దెసియాస్: దుయేరో ఒడ్డు ఊరి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ పరీక్షలకు చదివినవాళ్లకు ఈ ఊరి పేరు 1494 అనే సంవత్సరంతో కలిపి ఒక బిట్టుగా గుర్తుంటుంది. స్పెయిన్, పోర్చుగల్ ప్రపంచాన్ని చెరిసగం పంచుకున్న ఒప్పందం జరిగిన చోటు. ఆ బిట్టు వెనక నిజంగా ఒక ఊరుంది. దాని కింద నది, నది మీద రాతి వంతెన ఉన్నాయి. నలభై ఆరేళ్లు ఆ నది పక్కనే బందీగా బతికి అక్కడే చనిపోయిన ఒక రాణి కథ కూడా ఉంది. ఒప్పందం గురించి అడిగేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం రాణి కథే ముఖ్యం. అందుకే కింద ఆమె గురించి కాస్త ఎక్కువే రాశాను.

పేరు ఎలా పలకాలి? టోర్డెసిల్లాస్ అనా, తోర్దెసియాస్ అనా?

మన పుస్తకాల్లో ఇంగ్లీషు స్పెల్లింగు చూసి టోర్డెసిల్లాస్ అని రాస్తారు. అక్కడివాళ్లు తోర్దెసియాస్ అంటారు. స్పానిష్‌లో రెండు 'ఎల్'లు పక్కపక్కన వస్తే 'య' లాగా పలుకుతుంది. 'జె' అయితే 'హ' అవుతుంది, అందుకే కింద రాణి పేరు జువానా అని కాకుండా హువానా అని రాశాను. ఊరి పేరు పాత రోజుల్లో 'ఓతెర్ దె సియాస్' లాంటి రూపంలో ఉండేది. 'ఓతెరో' అంటే మైదానంలో విడిగా లేచిన చిన్న గుట్ట. ఊరు నిజంగానే అలాంటి గుట్ట మీద ఉంది.

ఇది స్పెయిన్‌లో ఎక్కడ ఉంది? ఎంత పెద్ద ఊరు?

స్పెయిన్ ఉత్తర భాగంలో, కాస్తీయా ఇ లెయోన్ అనే స్వయంపాలిత ప్రాంతంలో, వయదోలిద్ జిల్లాలో ఉంది. వయదోలిద్ నగరం నుంచి నైరుతి దిక్కుగా 30 కిలోమీటర్లు. మాడ్రిడ్ నుంచి సుమారు 180 కిలోమీటర్లు. జనాభా తొమ్మిది వేల లోపే. మన దగ్గర ఓ పెద్ద మండల కేంద్రం అంత కూడా ఉండదు.

సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్న పీఠభూమి అది. స్పెయిన్ మధ్యలో పరుచుకున్న ఈ బల్లపరుపు నేలను 'మెసేతా' అంటారు. కనుచూపు మేరా గోధుమ, బార్లీ పొలాలు, మధ్యమధ్య పైన్ చెట్ల తోపులు.

ఊరి కింద పారే నది ఏది?

దుయేరో. సోరియా జిల్లాలోని ఉర్బియోన్ కొండల్లో పుట్టి, పడమరకు పారి, పోర్చుగల్‌లో పోర్తో నగరం దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. మొత్తం పొడవు 897 కిలోమీటర్లు. ఐబీరియా ద్వీపకల్పంలో పొడవులో మూడోది. పరీవాహక ప్రాంతం లెక్కలో మాత్రం మొదటి స్థానం దీనిదే. దారిలో సుమారు 110 కిలోమీటర్లు రెండు దేశాలకూ ఇదే సరిహద్దు. పోర్చుగల్‌లోకి అడుగుపెట్టాక దీని పేరు డోరు అవుతుంది. పోర్ట్ వైన్ పండేది ఆ లోయలోనే.

ఊరికి కాస్త ఎగువన పిసుయెర్గా అనే ఉపనది వచ్చి కలుస్తుంది. 'పేరు దుయేరోది, నీళ్లు పిసుయెర్గావి' అని అక్కడ ఒక సామెత. నిజంగానే ఆ సంగమం దాటాకే దుయేరో ఒళ్లు చేస్తుంది. అదాహా కూడా దగ్గర్లోనే కలుస్తుంది. అంటే తోర్దెసియాస్ దగ్గరికి వచ్చేసరికి దాటడానికి వంతెన తప్పనిసరి అయ్యేంత నది తయారవుతుంది. ఈ ఊరి చరిత్రకు మూలం ఇదే అని నా అభిప్రాయం.

ఉత్తరం గట్టు ఎత్తు, దక్షిణం గట్టు పల్లం. ఊరంతా ఉత్తరం గట్టు మీదే ఉంటుంది. అవతల పల్లపు నేలను 'వేగా' అంటారు. వరద వస్తే నీళ్లు అటు పోతాయి, ఊరికి ఏమీ కాదు. శత్రువు వచ్చినా అవతలి ఒడ్డున ఉండగానే పైనుంచి కనిపిస్తాడు.

ఆ వంతెన ఎప్పటిది?

మధ్యయుగంలో కట్టింది, తర్వాత చాలాసార్లు మరమ్మతు చేసింది. పది కమానుల రాతి వంతెన. కమానులు పైన కొంచెం మొనదేలి ఉంటాయి, ఆ కాలపు కట్టడమని చూడగానే తెలుస్తుంది.

వంతెన ఎంత విలువైనదో 1812 అక్టోబరు చివర్లో జరిగిన సంగతి చెబుతుంది. నెపోలియన్ సైన్యం బ్రిటిష్ సేనాపతి వెలింగ్టన్‌ను తరుముకుంటూ ఇక్కడికి వచ్చింది. అప్పటికే వంతెన తెగ్గొట్టి ఉంది, బురుజులో కాపలా ఉంది. ఫ్రెంచివాళ్లలో అరవై మంది దాకా చలికాలం ముంగిట ఆ చన్నీళ్లలోకి దిగారు. బట్టలు, ఆయుధాలు చిన్న తెప్ప మీద పెట్టి, దాన్ని తోసుకుంటూ ఈదారు. ఒంటి మీద నూలుపోగు లేకుండానే అవతలి ఒడ్డెక్కి బురుజు పట్టుకున్నారు. నెపోలియన్ స్వయంగా కూడా 1808 డిసెంబరులో ఈ ఊళ్లో మకాం వేశాడు.

ఇప్పటికీ ఇది కూడలి ఊరే. మాడ్రిడ్ నుంచి గలీసియా వెళ్లే ఏ-6 హైవే, బుర్గోస్ నుంచి పోర్చుగల్ సరిహద్దుకు వెళ్లే ఏ-62 హైవే ఇక్కడే కలుస్తాయి. లారీలు అటు తిరిగిపోతాయి కాబట్టి పాత ఊరు ప్రశాంతంగా ఉంటుంది.

అంత పెద్ద ఒప్పందం ఇంత చిన్న ఊళ్లో ఎందుకు జరిగింది?

అప్పటికి స్పెయిన్‌కు స్థిరమైన రాజధాని లేదు. రాణి ఇసబెల్, రాజు ఫెర్నాందో తమ కొలువుతో ఊరూరా తిరుగుతూ పాలించేవారు. పెట్టెలు, గుమాస్తాలు, కాగితాలు అన్నీ వాళ్ల వెంటే కదిలేవి. 1494 మే, జూన్ నెలల్లో వాళ్ల మకాం ఇక్కడ. పోర్చుగల్ నుంచి రావడానికి దారి అనువుగా ఉంది, పక్కనే మెదీనా దెల్ కాంపో అనే పెద్ద సంత ఊరు ఉంది. అలా 1494 జూన్ 7న పోర్చుగల్ రాజు రెండో జొవావ్ తరఫున వచ్చిన దూతలు, స్పెయిన్ దొరల ప్రతినిధులు ఇక్కడే సంతకాలు పెట్టారు.

ఒప్పందంలో ఏముంది?

1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటి తిరిగి వచ్చాక 'కొత్త నేల ఎవరిది?' అనే గొడవ మొదలైంది. 1493లో పోప్ ఆరో అలెగ్జాండర్ ఒక గీత గీసి, దానికి పడమర ఉన్నది స్పెయిన్‌దన్నాడు. ఆ గీత ఆఫ్రికాకు పడమరగా అట్లాంటిక్‌లో ఉన్న వెర్దె అంతరీపం (కేప్ వెర్డి) దీవులు, అజోర్స్ దీవులకు వంద లీగుల దూరంలో ఉంది. లీగు అప్పటి దూరపు కొలత. పోర్చుగల్ ఒప్పుకోలేదు. తోర్దెసియాస్‌లో బేరం కుదిరి, గీత వెర్దె అంతరీపం దీవులకు పడమరగా 370 లీగుల దూరానికి జరిగింది. అంటే రెండు వేల కిలోమీటర్లకు అటూ ఇటూ. తూర్పు పోర్చుగల్‌కి, పడమర స్పెయిన్‌కి.

ఏ దీవి నుంచి కొలవాలో రాయలేదు. లీగు అంటే ఎంతో తేల్చలేదు. సముద్రం మీద రేఖాంశాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతి అప్పటికి ఎవరి దగ్గరా లేదు. పది నెలల్లో రెండు వైపుల నుంచీ ఓడలు, నావికులు, ఖగోళం తెలిసినవాళ్లు కలిసి వెళ్లి గీత తేల్చుకోవాలని రాసుకున్నారు. ఆ ప్రయాణం జరగనే లేదు. అదే రోజు ఆఫ్రికా తీరం, అక్కడి చేపల వేట గురించి ఇంకో ఒప్పందం కూడా కుదిరింది. దాన్ని ఇప్పుడు ఎవరూ తలుచుకోరు.

గీత అవతలా ఇవతలా అప్పటికే జనం ఉన్నారు, ఊళ్లు ఉన్నాయి, రాజ్యాలు ఉన్నాయి. వాళ్లలో ఒక్కరినీ అడగలేదు. ఈ ఒప్పందం గురించి ఎన్ని వివరాలు చదివినా నాకు ముందు గుర్తొచ్చేది ఈ మాటే.

బ్రెజిల్‌లో పోర్చుగీసు మాట్లాడటానికి కారణం ఇదేనా?

ప్రధాన కారణం ఇదే. దక్షిణ అమెరికా తూర్పున ముందుకు పొడుచుకొచ్చిన భాగం గీతకు పోర్చుగల్ వైపు పడింది. 1500లో పోర్చుగీసు నావికుడు కబ్రాల్ నౌకాదళం అక్కడ దిగింది. తర్వాత పోర్చుగీసువాళ్లు గీతను పట్టించుకోకుండా పడమరకు చాలా దూరం చొచ్చుకుపోయారు. స్పెయిన్ కూడా తక్కువ తినలేదు. ఫిలిప్పీన్స్ పోర్చుగల్ వాటాలోకి వస్తుందని వాదన ఉన్నా ఆక్రమించింది. తూర్పున సుగంధ ద్రవ్యాల దీవుల మీద తగాదా వస్తే 1529లో సరగోసా ఒప్పందం చేసుకున్నారు. అందులో స్పెయిన్ 3,50,000 దుకాతులు (బంగారు నాణేలు) తీసుకుని తన హక్కు వదులుకుంది. తోర్దెసియాస్ గీతను పక్కన పెట్టింది 1750 నాటి మాడ్రిడ్ ఒప్పందం.

మన దేశానికి దీనితో సంబంధం ఉందా?

ఉంది. ఆఫ్రికా చుట్టూ తిరిగి తూర్పుకు వచ్చే సముద్ర దారి పోర్చుగల్ చేతికి వచ్చింది. నాలుగేళ్లకే, 1498లో, వాస్కో డ గామా కోళికోడ్ తీరం చేరాడు. కబ్రాల్ 1500లో బ్రెజిల్‌లో ఆగి, తర్వాత వచ్చింది కూడా కోళికోడ్‌కే. 1510లో గోవా పోర్చుగీసు చేతికి పోయింది. గోవా రేవులో దిగిన గుర్రాల కోసం విజయనగరం పోర్చుగీసువాళ్లతో వ్యాపారం నడిపింది. రాయల కాలపు నగరం గురించి మనం ఇప్పటికీ ఉదాహరించే పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వర్ణన ఆ రాకపోకల వల్ల వచ్చిందే. మన వంటింట్లో మిరపకాయ కూడా అమెరికా ఖండం పంటే. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి చేరింది.

ఒప్పందం అసలు ప్రతి అక్కడే ఉందా?

లేదు. రెండు దేశాలూ సంతకం చేసిన ప్రతులు మార్చుకున్నాయి. ఒకటి సెవియాలోని ఇండీస్ పత్రాగారంలో, ఇంకొకటి లిస్బన్‌లోని తోరె దొ తొంబు అనే పత్రాగారంలో ఉన్నాయి. 2007లో యునెస్కో 'ప్రపంచ స్మృతి' జాబితాలో చేర్చింది. ఊళ్లో మాత్రం 'ఒప్పందపు ఇళ్లు' అని పిలిచే రెండు పాత భవనాల్లో మ్యూజియం ఉంది. ఆ కాలపు పటాల గురించి తెలుసుకోవడానికి మంచి చోటు.

బందీగా ఉన్న రాణి ఎవరు?

ఇసబెల్, ఫెర్నాందోల కూతురు హువానా. 1479లో తొలేదోలో పుట్టింది. 1504లో తల్లి పోయాక, ఈ ఊరున్న కాస్తీల్ రాజ్యానికి రాణి అయింది. 1506 సెప్టెంబరులో భర్త ఫెలిపే బుర్గోస్‌లో హఠాత్తుగా చనిపోయాడు. అప్పుడామె గర్భిణి. శవపేటికను గ్రనాదాలో పూడ్చాలని, నడి చలికాలంలో, రాత్రిళ్లు ప్రయాణం చేస్తూ తీసుకెళ్లింది. దారిలో తోర్కెమాదా అనే పల్లెలో 1507 జనవరిలో కూతురు కతలీనా పుట్టింది.

1509లో తండ్రి ఫెర్నాందో ఆమెను తోర్దెసియాస్ తెచ్చి, నది ఒడ్డు రాజభవనంలో పెట్టాడు. భర్త శవపేటిక పక్కనే ఉన్న సాంతా క్లారా మఠంలో ఉండేది. 1525లో దాన్ని గ్రనాదా తీసుకెళ్లారు. హువానా మాత్రం 1555 ఏప్రిల్ 12న చనిపోయేదాకా అక్కడే ఉంది. అదే 1509లో మన దగ్గర శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కారు. ఆయన ఇరవై ఏళ్ల పాలన మొత్తం, ఆ దండయాత్రలు, ఆ భువన విజయం, అన్నీ ఆమె బందీకాలంలో సగానికి కూడా రావు.

ఆ ఏళ్లన్నీ చట్టప్రకారం రాణి ఆమే. శాసనాల మీద 'హువానా, కార్లోస్' అని ఇద్దరి పేర్లూ ఉండేవి. పాలించింది మొదట తండ్రి, తర్వాత కొడుకు కార్లోస్.

ఆమెకు నిజంగా పిచ్చా?

చరిత్రలో ఆమెకు అంటగట్టిన పేరు 'లా లోకా', అంటే పిచ్చిది. దిగులుతో అన్నం మానేసేది, రోజుల తరబడి మౌనంగా ఉండేది, కోపం వస్తే పట్టలేకపోయేవారు. ఇవి రికార్డుల్లో ఉన్నాయి. ఇప్పటి మాటల్లో డిప్రెషన్ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఆమె పిచ్చిదైతేనే తండ్రికి అధికారం దక్కుతుంది, ఆమె పిచ్చిదిగా ఉంటేనే కొడుక్కి దక్కుతుంది. ఈ రెండూ మర్చిపోయి ఆమె మీద తీర్పు చెప్పడం అన్యాయం.

కాపలాగా ఉన్న దేనియా ప్రభువు ఆమెతో ఎలా మాట్లాడేవాడో అతని ఉత్తరాలే చెబుతాయి. తండ్రి 1516లో చనిపోతే ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఏళ్ల తరబడి ఆయన బతికే ఉన్నట్టు మాట్లాడారు. బయట లోకం ఎలా ఉందో ఆమెకు తెలియకుండా గోడ కట్టినట్టు కట్టారు. అలాంటి చోట పెడితే ఎంత గట్టి మనసైనా ఏమవుతుంది?

చిన్న కూతురు కూడా అక్కడే పెరిగిందా?

అవును. కతలీనా గదిలోకి వెళ్లాలంటే తల్లి గది దాటాలి. హువానాకు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే, కళ్లెదుటి నుంచి కదలనిచ్చేది కాదు. 1517లో కార్లోస్ మొదటిసారి వచ్చి, ఎన్నడూ చూడని ఈ చెల్లెలిని చూశాడు. రాజకుమార్తె ఒంటి మీద పల్లెటూరి పిల్ల వేసుకునే లాంటి దుస్తులు. ఆడుకోవడానికి తోడు లేదు. ఆమె కోసం ఒక కిటికీ తెరిపించారట. అక్కడ కూర్చుని వీధిలోకి చూసేది. కింద పిల్లలు ఆడుకుంటుంటే చిల్లర డబ్బులు విసిరేది, రేపు మళ్లీ వస్తారని. కార్లోస్ పరివారంలోని ఒకాయన రాసిపెట్టిన సంగతి ఇది. ఈ ఊరి చరిత్ర మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించింది ఆ కిటికీయే.

1518లో కార్లోస్ మనుషులు తెర వెనక గోడకు కన్నం పెట్టి, రాత్రికి రాత్రి పిల్లను తీసుకెళ్లిపోయారు. హువానా తిండి, నీళ్లు ముట్టనంది. గత్యంతరం లేక కతలీనాను వెనక్కి తెచ్చారు. చివరికి 1525లో ఆమె పోర్చుగల్ రాజు మూడో జొవావ్‌ను పెళ్లాడటానికి వెళ్లింది. తర్వాత ఆ దేశానికి రాజప్రతినిధిగా పాలించింది కూడా. హువానా ఇంకో ముప్పై ఏళ్లు ఒంటరిగా ఉంది.

ఆమెను విడిపించడానికి ఎవరూ ప్రయత్నించలేదా?

1520లో కాస్తీల్ నగరాలు కార్లోస్ మీద తిరగబడ్డాయి. పన్నులు పిండి జర్మనీ వైపు పోయాడని, పదవులన్నీ పరాయివాళ్లకు ఇచ్చాడని జనానికి ఆగ్రహం. ఈ తిరుగుబాటుదారులను కొమునేరోలు అంటారు. ఆగస్టు చివర్లో వాళ్లు తోర్దెసియాస్ చేరి హువానాను కలిశారు. తండ్రి చనిపోయి నాలుగేళ్లయిందని ఆమెకు అప్పుడు తెలిసింది. శ్రద్ధగా విన్నది, బాగానే మాట్లాడింది. కానీ సంతకం అడిగితే పెట్టలేదు. ఒక్క సంతకం పెట్టి ఉంటే కొడుకు సింహాసనానికి గండం వచ్చేది. పెట్టకపోవడం భయమా, తల్లి మనసా, రాణిగా ఆలోచించిందా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకునే విషయం. నాకైతే ఆలోచించే పెట్టలేదనిపిస్తుంది.

డిసెంబరు 5న రాజు సైన్యం ఊరు పట్టుకుంది. తలుపులు మళ్లీ మూసుకున్నాయి. 1521 ఏప్రిల్ 23న, దగ్గర్లోని వియలార్ పొలాల్లో కొమునేరోలు ఓడిపోయారు. మర్నాడే పాదియా, బ్రావో, మల్దొనాదో అనే ముగ్గురు నాయకుల తలలు తీశారు. ఆ ఏప్రిల్ 23 ఇప్పుడు ఆ ప్రాంతానికి అధికారిక పండుగ. జనం వియలార్‌లో జెండాలతో కలుస్తారు.

ఆమె ఉన్న భవనం చూడొచ్చా?

లేదు. పాడుబడిపోయిందని 18వ శతాబ్దంలో మూడో కార్లోస్ రాజుగా ఉన్నప్పుడు కూల్చేశారు. సాన్ అంతోలిన్ అనే పాత చర్చి ఇప్పుడు మ్యూజియంగా ఉంది. దాని బురుజెక్కితే నది, వంతెన, అవతలి వేగా ఒకేసారి కనిపిస్తాయి. ఆమె కళ్ల ముందున్న నేల అదే. సమాధి మాత్రం గ్రనాదాలోని రాచ మందిరంలో, భర్త పక్కన, తల్లిదండ్రుల దగ్గర ఉంది.

సాంతా క్లారా మఠంలో ఏముంది?

ఊళ్లో ఒక్కటే చూసే టైముంటే ఇది చూడండి. 1340లో సలాదో నది దగ్గర యుద్ధం గెలిచాక కాస్తీల్ రాజు పదకొండో అల్ఫోన్సో మొదలుపెట్టించిన రాజభవనం ఇది. కొడుకు పేద్రో పూర్తి చేయించాడు. 1363లో క్లారా సన్యాసినులకు మఠంగా మారింది. పని చేసింది ముస్లిం సంప్రదాయంలో ఆరితేరిన చేతులు. ఈ శైలిని ముదేహార్ అంటారు. చిన్న లోపలి ముంగిట్లో గుర్రపు నాడా ఆకారపు కమానులు, గోడల మీద సున్నపు పనితో అల్లికలు, అరబ్బుల పద్ధతి స్నానపు గదులు. చర్చిలో బలిపీఠం పైకప్పు తలెత్తి చూడండి. చెక్కను నక్షత్రాల్లా అతికి బంగారు పూత పూశారు. మెడ నొప్పి పుట్టేదాకా చూడాలనిపిస్తుంది. లోపలికి గైడుతోనే పంపుతారు, వేళలు ముందే చూసుకుని వెళ్లండి.

ఎద్దు పండుగ గొడవ ఏమిటి?

సెప్టెంబరులో పేన్యా మాత జాతర జరుగుతుంది. అందులో ఎద్దును వంతెన మీదుగా వేగాలోకి తోలి, ఈటెలతో పొడిచి చంపే ఆచారం ఉండేది. పేరు 'తోరో దె లా వేగా'. ఏళ్ల తరబడి నిరసనలు నడిచాక, 2016లో ప్రాంతీయ ప్రభుత్వం ఇలాంటి ఉత్సవాల్లో జనం ముందు ఎద్దును చంపకూడదని నిషేధించింది. ఇప్పుడు తోలడం వరకే. ఊళ్లో దీనిమీద అభిప్రాయాలు రెండుగానే ఉన్నాయి. నిషేధం సరైనదే అని నా మాట.

ఎప్పుడు వెళ్లాలి? ఎలా వెళ్లాలి?

'తొమ్మిది నెలలు చలి, మూడు నెలలు నరకం' అని కాస్తీల్ వాతావరణం గురించి వాళ్లే చెప్పుకుంటారు. చలికాలంలో నది మీద పొగమంచు దట్టంగా పడుతుంది, ఎండాకాలం మధ్యాహ్నాలు మాడ్చేస్తాయి. మే, జూన్, సెప్టెంబరు చివర, అక్టోబరు బాగుంటాయి.

మాడ్రిడ్ నుంచి వయదోలిద్‌కు హైస్పీడ్ రైల్లో గంట. అక్కడి నుంచి బస్సు. ఒక పూట సరిపోతుంది. కమానుల వరండాలతో చుట్టూ మూసుకున్న ప్లాసా మయోర్‌లో భోజనం చేయండి. కట్టెల పొయ్యిలో కాల్చిన పాల గొర్రెపిల్ల మాంసం ఇక్కడి ప్రత్యేకత. వైన్ తాగేవాళ్లకు పక్కనే ఉన్న రుయేదాలో పండే వెర్దెహో ద్రాక్ష తెల్ల వైన్ దొరుకుతుంది. తిన్నాక వంతెన దాటి అవతలి ఒడ్డుకు నడిచి వెనక్కి తిరిగి చూడండి. సాయంత్రం ఎండ ఎత్తు గట్టు మీది గోడల మీద పడుతుంది. మఠం, బురుజు, మధ్యలో భవనం లేని ఆ ఖాళీ, అన్నీ నీళ్లలో కనిపిస్తాయి.